పాత బెంచీకి బొచ్చు రగ్గు: ఏ రకం చుట్టాలి, ఏది వద్దు

బెంచీ సీటుకు చుట్టడానికి బొచ్చు రగ్గు కొనేటప్పుడు ముందు దాన్ని తిరగేసి వెనక వైపు చూడండి. పైన బొచ్చు ఎంత మెత్తగా ఉన్నా, సీటు అంచు దగ్గర మడత పడాల్సింది, మూలల్లో ఒదగాల్సింది, స్టేపుల్ పిన్నుల్ని పట్టుకోవాల్సింది వెనక బట్టే. కుదరని పనుల్లో ఎక్కువ భాగం బొచ్చు నచ్చి కొన్న రగ్గు వెనక అట్టలా బిగుసుకుని ఉండడం వల్లే కుదరవు. ఇక్కడ రగ్గు అంటే నేల మీద పరిచేది. చలికి కప్పుకునే రగ్గు పల్చగా ఉంటుంది, సీటుకు నాలుగు రోజులు కూడా ఆగదు.

ముందు బెంచీ సంగతి

రగ్గు ఎంచుకునే ముందు సీటు బెంచీకి ఎలా అమరిందో చూడాలి. దీన్నిబట్టే సగం రకాలు పక్కకు పోతాయి.

సీటు ప్లైవుడ్ పలక మీద స్పాంజి పెట్టి చేసినదై, ఫ్రేము మీద ఊరికే కూర్చుని, కింద నుంచి స్క్రూలతో బిగించి ఉంటే పని తేలిక. దాదాపు ఏ రగ్గయినా నడుస్తుంది. అదే సీటు ఫ్రేము లోపలికి దిగి కూర్చునే రకమైతే చుట్టూ ఉండే సందు మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు. పాత బట్ట తీసేశాక పలకను ఫ్రేములో పెట్టి, సందులో ఎంత మందం అట్టముక్క పడుతుందో చూడండి. వెనక అల్లిక బట్ట ఉన్న పల్చటి రగ్గు, అది కూడా పక్కల బొచ్చు కత్తిరించేస్తే, పడుతుంది. మందం రగ్గును బలవంతంగా దించితే పాత జాయింట్లు విడిపోతాయి.

మూత తెరిస్తే లోపల సామాన్లు పెట్టుకునే బెంచీకి కీలు వైపు అంచే చిక్కు. పొడుగు బొచ్చు ఆ సందులో ఇరుక్కుని, తెరిచి మూసిన ప్రతిసారీ కొంత ఊడుతుంది. ఇలాంటి బెంచీకి మూడు సెంటీమీటర్లు దాటిన బొచ్చు వద్దు. కీలు ఉన్న వైపు బొచ్చును పూర్తిగా పొట్టి చేయాలి.

అసలు కుషనే లేని చెక్క బెంచీ అయితే మంచి చెక్కలోకి పిన్నులు కొట్టకండి. వేరే ప్లైవుడ్ పలక మీద సీటు తయారుచేసి, దాన్ని కింద నుంచి చిన్న ఎల్ క్లాంపులతో పట్టించండి. ఎప్పుడైనా విసుగొస్తే తీసేయవచ్చు, చెక్కకు గాయం ఉండదు.

రగ్గుల రకాలు

కృత్రిమ బొచ్చు, వెనక అల్లిక బట్ట. ఎక్కువగా అక్రిలిక్ లేదా పాలిస్టర్ బొచ్చు. వెనక బట్ట బనియన్ బట్టలా కొద్దిగా సాగుతుంది, మందం ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు. మూలల దగ్గర చెప్పినట్టు వింటుంది, మామూలు చేతి స్టేపుల్ గన్ సరిపోతుంది, కటర్‌తో ఒక్క గీతకే తెగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు మేం ఇదే చెబుతాం. దీని లోపం వాడకంలో బయటపడుతుంది. రోజూ కూర్చునే చోట ఒరిపిడికి బొచ్చు కొసలు ముడిపడి ఉండలు కడతాయి. ఒకసారి ఉండకట్టిన అక్రిలిక్‌ని దువ్వి కొంతవరకే బాగుచేయగలం. వేడి కూడా పనికిరాదు. తడి ఆరడానికి హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెడితే కొసలు ముడుచుకుపోతాయి, అవి మళ్లీ నిటారుగా కావు.

కృత్రిమ బొచ్చే, కానీ వెనక స్వేడ్ (నూగు ఉన్న మెత్తటి తోలు) లాంటి బట్ట అతికించినది. ఇది సాగదు కాబట్టి పొడవాటి బెంచీ మీద బిగువు సమంగా వస్తుంది, నడుమ వంకర తిరగదు. మందం కాస్త ఎక్కువ. మూలల్లో మడత లావుగా వస్తుంది కాబట్టి కొంచెం కత్తిరించాలి. ఒక మీటరు దాటిన సీటుకు మొదటిదానికన్నా ఇదే మేలు. వెనక జారకుండా పెట్టిన చుక్కలు ఉంటే ఉండనివ్వండి, స్పాంజి మీద పట్టు దొరుకుతుంది.

గుచ్చిన నూలు రగ్గు, వెనక లేటెక్స్ జిగురు. షాగీ రగ్గు పేరుతో ఎక్కువగా దొరికేది ఇదే. నూలును బట్టలోకి గుచ్చి, ఊడకుండా వెనక లేటెక్స్ పూసి, దాని మీద ఇంకో గరుకు బట్ట అతికిస్తారు. నేల మీద పడి ఉండడానికి చేసిన వస్తువు ఇది, మడతకు కాదు. తొంభై డిగ్రీల అంచు మీదుగా తిప్పితే లేటెక్స్ పగులుతుంది. పగిలిన చోట నూలు కుచ్చులు ఒక్కొక్కటిగా జారిపోతాయి. కత్తిరించిన అంచున కూడా అదే జరుగుతుంది. పాత రగ్గులో లేటెక్స్ ఎండి పొడవుతుంది. రగ్గును మడిచి విదిలిస్తే తెల్లటి పొడి రాలుతుందంటే దాని పని అయిపోయినట్టే. ఇంట్లో ఇలాంటిది ఉంది, వాడి తీరాలి అంటే ఒక దారి ఉంది: చుట్టకుండా, సీటు పైభాగానికి సరిగ్గా కొలిచి కోసి, చుట్టుపక్కల వేరే మామూలు బట్ట పెట్టి కుట్టించడం. అది సోఫా కుట్టేవాళ్లకు ఇవ్వాల్సిన పని, ఇంటి కుట్టుమిషన్ మోయదు.

రబ్బరు లేదా మెత్తటి స్పాంజి అడుగున ఉన్న రగ్గులు. స్నానాల గది ముందు వేసే మైక్రోఫైబర్ రకాలు ఇవి. ఉతుక్కోవడానికి బాగుంటాయి, చుట్టడానికి బాగోవు. రబ్బరు మడత దగ్గర వెనక్కి తన్నుతూ ఉంటుంది, పిన్ను చుట్టూ చిరుగుతుంది. పైగా వార్నిష్ చెక్కకు రబ్బరు నెలల తరబడి ఆనుకుని ఉంటే మచ్చ పడే అవకాశం ఉంది. వద్దు.

ఫ్లొకాటి. గ్రీసు దేశపు ఉన్ని రగ్గు. బొచ్చు, వెనక నేత రెండూ ఉన్నే. నేశాక నీటి సుడిలో తిప్పడం వల్ల బొచ్చు మొదళ్లు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని గట్టిపడతాయి, అందుకే జిగురు అక్కర్లేదు. వెనక మెత్తటి నేత కావడంతో బాగా వంగుతుంది, పిన్నుల్ని బాగా పట్టుకుంటుంది. ఉన్నికి సహజంగా ఉండే వంకీల వల్ల నలిగిన చోట మళ్లీ లేస్తుంది. ఎన్నేళ్లో కూర్చోవాల్సిన బెంచీకి మా ఓటు దీనికే. మొదటి కొన్ని వారాలు పోగులు రాలతాయి, ముదురు రంగు దుస్తులకు అంటుకుంటాయి. బరువు ఎక్కువ, మందం ఎక్కువ, లోపలికి దిగే సీటుకు పట్టదు. కొన్నాళ్లు ఎవరూ కదపని మూలన పెడితే పురుగు పడుతుంది, ముఖ్యంగా సీటు అడుగున చీకట్లో ఉన్న అంచుల్లో.

గొర్రె తోలు. బొచ్చు తోలు మీదే పెరిగినది, కాబట్టి ఊడే గొడవ తక్కువ. కూర్చోవడానికి దీన్ని మించినది లేదు. కానీ చుట్టడానికి మేం సలహా ఇవ్వం. ఒక తోలు దాదాపు 60 × 90 సెంటీమీటర్లు అంటారు గానీ అది వెడల్పైన చోట కొలత. కాళ్ల దగ్గర, మెడ దగ్గర వంకరలు తీసేస్తే చేతికొచ్చే దీర్ఘచతురస్రం బాగా చిన్నది. మీటరు బెంచీకి రెండు తోళ్లు కలిపి కుట్టాలి, దానికి మూడు అంచుల తోలు సూది కావాలి. పిన్నులు వరసగా దగ్గరదగ్గరగా కొడితే ఆ గీత వెంటే తోలు చిరుగుతుంది. దీన్ని బెంచీ మీద అలా పరిచి, కింద జారని జాలీ ముక్క వేసుకోవడమే సరైన వాడకం. దులపవచ్చు, తిప్పి వేసుకోవచ్చు, బయట గాలికి ఆరేయవచ్చు.

కొనేచోట చేయాల్సిన మూడు పరీక్షలు

రగ్గును బొచ్చు పైకి ఉండేలా బల్ల అంచు మీదుగా కిందికి వంచండి. అంచు మీద బొచ్చు పాయ విడిపోయి వెనక బట్ట కనిపిస్తే, మీ సీటు ముందు అంచున కూడా అదే గీత కనిపిస్తుంది. ముదురు బొచ్చుకు తెల్లటి వెనక బట్ట ఉంటే ఇది దూరం నుంచే తెలిసిపోతుంది. పొడుగు బొచ్చు కన్నా ఒత్తుగా ఉన్న బొచ్చు దీన్ని బాగా దాస్తుంది. రెండు మూడు సెంటీమీటర్ల ఒత్తు బొచ్చు అన్నిటికన్నా నమ్మకం.

తర్వాత రగ్గు ఒక మూలను పిడికిట్లో ఇమిడేలా నలపండి. తేలిగ్గా ఇమిడితే సీటు మూలలోనూ ఇముడుతుంది. ఆఖరుగా వేళ్లతో బొచ్చును రెండు మూడుసార్లు గట్టిగా దువ్వి చూడండి. కొన్ని పోగులు రావడం మామూలే. కుచ్చులు మొదలంటా వస్తే పెట్టేయండి.

కొలత

సీటు 100 × 40 సెంటీమీటర్లు, స్పాంజి 5, ప్లైవుడ్ 1.2 అనుకుందాం. ఒక్కో వైపు పక్క మందం 6.2, అడుగున మడవడానికి 5, మొత్తం 11.2. అంటే రగ్గు తక్కువలో తక్కువ 122.4 × 62.4 ఉండాలి. పట్టి లాగడానికి ఒక్కో వైపు మూడేసి కలిపితే దాదాపు 130 × 70. 60 × 90 రగ్గు చాలదు, 80 × 150 హాయిగా సరిపోతుంది.

ఇందులో ఒక చిక్కుంది. బొచ్చుకు వాలు ఉంటుంది, సాధారణంగా రగ్గు పొడవు వెంట. అరచేత్తో నిమిరితే నున్నగా పోయే దిక్కే వాలు. బెంచీకి ఆ వాలు ముందుకు, కిందికి ఉంటే మంచిది. ముందు అంచున బొచ్చు జాలువారి మడతను కప్పుతుంది. కానీ 80 × 150 రగ్గును పొడవుగా వేస్తే వాలు పక్కకు పడుతుంది. దాంతో నష్టం లేదు. వెనక్కి మాత్రం పడనివ్వకండి, ముందు అంచు మీద బొచ్చు లేచి బట్ట బయటపడుతుంది. వాలు ముందుకే కావాలంటే వెడల్పు 130 ఉన్న రగ్గు కొని అడ్డంగా కోయాలి, అంటే సగానికి సగం మిగిలిపోతుంది. పొట్టి వాలు బొచ్చుకు, బెంచీ గుమ్మం ఎదురుగా కనిపించే చోట ఉంటే తప్ప, ఆ ఖర్చు అక్కర్లేదు.

స్పాంజి మార్చాలా?

పిడికిలితో నొక్కినప్పుడు చెక్క తగిలితే మార్చాలి. గోరుతో గీరితే పసుపు పొడి రాలినా మార్చాలి. పాలియూరితేన్ స్పాంజి గాలికి, వెలుతురుకు ఏళ్ల తరబడి చివికి అలా అవుతుంది. ఆ పొడి ముక్కులోకి పోకుండా మాస్కు కట్టుకుని విప్పండి. కొత్త స్పాంజి ఘనపు మీటరుకు 32 కిలోల సాంద్రతైతే అప్పుడప్పుడూ కూర్చునే బెంచీకి చాలు. రోజూ కూర్చునేదానికి 40 తీసుకోండి. సాంద్రత అంటే గట్టిదనం కాదు, మన్నిక. అదే సాంద్రతలో మెత్తవీ గట్టివీ రెండూ దొరుకుతాయి, 5 సెంటీమీటర్ల మందానికి గట్టిది అడగండి. ముక్కను పలక కన్నా ప్రతి వైపు అర సెంటీమీటరు పెద్దగా కోస్తే అంచులు నిండుగా వస్తాయి. పై అంచు పదును తగలకుండా కటర్‌తో కొద్దిగా చెక్కేయండి. గుండ్రటి అంచు మీద బొచ్చు పాయ విడిపోదు.

స్పాంజి మీద పల్చటి పాలిస్టర్ దూది పొర వేస్తే రగ్గు వెనక బట్ట స్పాంజిని రాపిడి పెట్టదు. బొచ్చే లావుగా కనిపిస్తుంది కాబట్టి మందం దూది వద్దు, సీటు ఉబ్బిన దిండులా తయారవుతుంది. పాత రెక్సిన్‌ని ఉంచి దాని మీదే చుట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. స్పాంజి బాగుండి, వాసన లేకపోతే కుదురుతుంది. అయితే రెక్సిన్ మీద రగ్గు జారుతుంది, అడుగున మందం రెట్టింపవుతుంది. విప్పడానికి పట్టే గంట శ్రమకు వెనకాడకండి.

పిన్ను కొట్టాలా, తొడుగు కుట్టాలా?

పిల్లలు, కుక్క, పిల్లి, తిండి, తడి చెప్పులు, వీటిలో ఏదైనా ఆ బెంచీ దగ్గరికి వస్తుందంటే ఊడదీసి ఉతికే తొడుగు వైపు మొగ్గండి. పిన్నులతో కొట్టిన రగ్గును ఉతకలేం. తొడుగుకు వెనక అల్లిక బట్ట ఉన్న కృత్రిమ బొచ్చు తప్ప ఇంకేదీ పనికిరాదు, మిగతావి తడిస్తే బరువెక్కి ఆరవు లేదా ముడుచుకుపోతాయి. అంచు చుట్టూ రెండు సెంటీమీటర్ల నూలు పట్టీ గొట్టంలా కుట్టి, అందులో 6–8 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ దూర్చితే చాలు. వెల్క్రో పెట్టేట్టయితే గరుకు వైపు పలకకు, మెత్తటి వైపు రగ్గు లోపలి అంచుకు. గరుకు ముక్క రగ్గుకు ఉంటే ఉతికేటప్పుడు బొచ్చంతా పీకి పెడుతుంది.

మంచం కాళ్ల దగ్గర, డ్రెస్సింగ్ అద్దం ముందు ఉండే బెంచీకి పిన్నులే బాగుంటాయి. తొడుగుకు ఆ బిగువు ఎప్పటికీ రాదు.

చుట్టే పని

సీటు విప్పేటప్పుడు ఏ స్క్రూ ఏ రంధ్రానిదో గుర్తు పెట్టుకోండి, సీటు ముందు వైపు పలక అడుగున గీత గీయండి. పాత పిన్నులు చదునైన స్క్రూడ్రైవర్‌తో లేపి, పట్టుకారుతో లాగాలి. విరిగి మిగిలిన కాళ్లను సుత్తితో లోపలికి దింపేయండి.

రగ్గును తిరగేసి వెనక వైపు గీత గీసి, కటర్ కొనతో వెనక బట్టను మాత్రమే కోయండి. కత్తెర పెడితే బొచ్చు కూడా తెగి, అంచంతా పళ్లు ఊడిన దువ్వెనలా వస్తుంది. కోసిన వెంటనే వాక్యూమ్‌తో అంచులు లాగేయాలి, లేకపోతే ఆ పోగులు ఇల్లంతా తిరుగుతాయి.

చాలామంది వదిలేసే మెట్టు ఇది: అంచు చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల మేర బొచ్చును వెనక బట్ట దాకా పొట్టి చేయాలి. రగ్గు అడుక్కి మడిచాక పిన్ను దిగేది బొచ్చు వైపు నుంచే. బొచ్చు ఉంటే పిన్ను దాని మీద తేలుతుంది, వెనక బట్టను పట్టుకోదు. వారం తిరిగేసరికి ఒక్కొక్కటి ఊడివస్తాయి. జుట్టు కత్తిరించే ట్రిమ్మర్‌తో ఇది పది నిమిషాల పని. సీటు ఫ్రేము మీద ఎత్తుగా కూర్చోకుండా ఉండాలన్నా ఇదే మందు.

పిన్ను కాలు పొడవు అల్లిక వెనకకు 8 మిల్లీమీటర్లు, ఫ్లొకాటి లాంటి మందానికి 10. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు అంతకు మించి వద్దు, పైకి పొడుచుకొచ్చే ప్రమాదం. ముందు అంచు నడుమ ఒకటి, లాగి వెనక నడుమ ఒకటి, తర్వాత రెండు పక్కల నడుమ. అక్కణ్నుంచి రెండు వైపులకూ జరుగుతూ రెండున్నర మూడు సెంటీమీటర్లకొకటి. మూలకు ఎనిమిది సెంటీమీటర్లు ఉండగా ఆగిపోండి. బిగువు అంటే ముడత లేకపోవడం, అంతే. అల్లిక బట్టను శక్తి కొద్దీ లాగితే బొచ్చు పలచబడి బట్ట కనిపిస్తుంది.

మూలల్లో అల్లిక రకమైతే కొసను ఐమూలగా లోపలికి లాగి ఒక పిన్ను, మిగులు కోసేసి, రెండు పక్కల నుంచీ రెండు మడతలు. స్వేడ్, ఫ్లొకాటిలకు మడత లావైపోతుంది. మూల దగ్గర చదరపు ముక్క కోసేసి, రెండు అంచుల్ని ఒకదానికొకటి ఆనించి వంకర సూదితో చేతికుట్టు వేయండి. తర్వాత కుట్టులో చిక్కుకున్న బొచ్చును దబ్బనం కొనతో పైకి లాగితే కుట్టు మాయమవుతుంది. బొచ్చు రగ్గుతో ఉన్న పెద్ద సుఖం ఇదే: మామూలు బట్టలో దాగని కుట్టు ఇందులో దాగుతుంది.

స్క్రూలు బిగించే ముందు రంధ్రాల చోటును దబ్బనంతో గుచ్చి వెతికి, అక్కడ కటర్‌తో చిన్న ఇంటూ గుర్తులా చీల్చండి. డ్రిల్లు పెట్టకండి. తిరిగే బిట్టుకు ఒక్క పోగు చుట్టుకుంటే చాలు, వరస మొత్తం లాక్కుపోతుంది. పాత స్క్రూలు పొట్టివయ్యాయనిపిస్తే రగ్గు మందం కలిసిందని అర్థం. రెండు మిల్లీమీటర్లు పొడుగువి తెచ్చుకోండి, అంతకన్నా పొడుగువైతే సీటులోంచి పొడుచుకొస్తాయి. ఆఖరున అడుగున నల్లటి నాన్‌వోవెన్ బట్ట కొడితే రాలిన పోగులు నేల మీద పడవు.

వాడకంలో

వాక్యూమ్ వాడేటప్పుడు తిరిగే బ్రష్ ఉన్న ముక్క తీసేసి, ఉత్త గొట్టంతో లాగండి. వారానికోసారి కుక్కలకు వాడే తీగల బ్రష్‌తో కొసల నుంచి మొదలుపెట్టి మొదళ్ల వైపు దువ్వితే ఉండలు కట్టడం బాగా తగ్గుతుంది. ఏదైనా ఒలికితే రుద్దకుండా పొడి బట్టతో అద్ది, చల్లటి నీళ్లలో కొద్దిపాటి సబ్బు కలిపి తుడిచి, దువ్వి, గాలికి ఆరనివ్వండి. కృత్రిమ బొచ్చు బెంచీని గది వేడిచేసే హీటరు పక్కన పెట్టొద్దు.

కోయగా మిగిలిన ముక్కల్లో అరచేయంతది ఒకటి, వాలు దిక్కు వెనక గీసి, పలక అడుగునే ఒక సంచిలో కట్టి ఉంచండి. ఎప్పుడైనా ఒక చోట కాలినా, కుక్క కొరికినా, ఆ పక్క పిన్నులు కొన్ని లేపి, పాడైన చోటును వెనక నుంచి కోసి, అదే కొలతకు ఈ ముక్కను వాలు కలిసేలా అమర్చి చేతికుట్టు వేయవచ్చు. బొచ్చు దువ్వాక అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి.